పసుపు గీత మీద టేపు

మూడోసారి ఫొటో పంపితే గానీ నా చారల బొమ్మ ఢిల్లీ ప్రదర్శనకు ఎంపిక కాలేదు. శనివారం సాయంత్రం ఐదులోపు అది గ్యాలరీకి చేరాలి. నాలాంటి డ్రాయింగ్ టీచరుకు సెలవు దొరకడమే గగనం. శుక్రవారం పొద్దున తొమ్మిది దాటాక కాజీపేటలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, పాత చీర చుట్టిన బొమ్మను కిటికీ పక్కన నిలబెట్టాను.

ఎదురు సీట్లో కరీంనగర్ ఆవిడ పులిహోర పెట్టి, చీర తొలగించి చూసింది.

"దేని బొమ్మ టీచరమ్మా?"

"దేనిదీ కాదండీ. ఉత్త రంగులే."

"ఉత్త రంగులైతే గింత దూరం ఎందుకు మోస్తున్నవ్? గీ కాగితం తియ్యలేదేంది?"

వంగి చూస్తే టేపు. ముందురోజు చేతులు ఊరుకోక పసుపు గీతను మళ్లీ దిద్దాను. అంచు తిన్నగా రావడానికి అటూ ఇటూ అతికించే కాగితపు టేపును రంగు పచ్చిగా ఉండగానే లాగెయ్యాలి. ప్రయాణం హడావుడిలో మరిచిపోయాను. బల్లార్షా ఎండకు జిగురు గట్టిగా పట్టేసింది. కొస లాగితే రంగు కూడా లేస్తోంది.

మర్నాడు పదకొండింటికి ఆటోలో జనక్‌పురిలోని పిన్ని ఇల్లు చేరాను.

"దీదీ, హెయిర్ డ్రయర్ సే ట్రై కరే?" అంది పిన్ని కూతురు స్వాతి. స్విచ్ వేయబోతుంటే కరెంటు పోయింది.

"ఇగ మూడింటికే వస్తది. అప్పటిదాకా అన్నం తిను బిడ్డా," అంది పిన్ని. రాజ్మా గొంతు దిగలేదు.

మూడింటికి నిజంగానే వచ్చింది. స్వాతి వేడిగాలి పట్టింది, నేను ఊపిరి బిగబట్టి లాగాను. టేపు చక్కగా వచ్చింది, చివర్లో జానెడు మేర తప్ప. అక్కడ రంగు లేచి పసుపు అంచు చిరిగింది.

ఏడుపొచ్చింది. బొమ్మను గోడకానించి దూరం జరిగాను. ఎరుపు, నీలం, ఎరుపు, నీలం, అన్నీ గీసినట్టు తిన్నగా రైలు చప్పుడులా సాగుతున్నాయి. ఆ చిరిగిన పసుపు దగ్గర మాత్రం చూపు ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ కదులుతోంది. ఇన్నాళ్లూ నేను సాధించలేనిది అదే. దిద్దబోయిన కుంచెను పక్కన పెట్టేశాను.

ఐదుకి పది నిమిషాల ముందు గ్యాలరీ ఆయన బొమ్మ తీసుకుని, ఆ అంచు దగ్గర కాసేపు ఆగి, "ఠీక్ హై" అన్నాడు. బయటికొచ్చి రెండు ప్లేట్లు ఛోలే తిన్నాను.

ఆదివారం తిరుగు రైల్లో పక్క బెర్తు పెద్దాయన ఢిల్లీలో ఏం పనమ్మా అన్నాడు. బొమ్మ ఇచ్చి వస్తున్నానన్నాను.

"దేని బొమ్మ?"

"పసుపు రంగుదండీ," అని చెప్పి, కాళ్లు చాపుకుని హాయిగా పడుకున్నాను.