మూడు చిల్లుల మిషన్ వచ్చిన కాలం

మొన్న అశోక్ నగర్‌లో ఒక జిరాక్స్ దుకాణంలో మా అపార్ట్‌మెంట్ కాగితాలు ప్రింటు తీయిస్తుంటే, కౌంటర్లో ఉన్న అమ్మాయి తెర మీద వేలు ఆడిస్తూ, “హోల్స్ రెండా, మూడా, నాలుగా ఆంటీ?” అని అడిగింది. ఏ దేశపు ఫైలుకు ఎన్ని కావాలంటే అన్ని చిల్లులు ఆ మిషనే పొడిచి ఇస్తుందట. రెండు చాలమ్మా అన్నాను గానీ, ఆ తరువాత ఆ పిల్ల చెప్పినదేదీ నా చెవికెక్కలేదు. మా మేనత్త గుర్తుకొచ్చింది.

డిగ్రీ అయినాక పెళ్లయ్యేదాకా నేను చిక్కడపల్లిలో మా నాయన నడిపిన జిరాక్స్ దుకాణంలోనే కూర్చునేదాన్ని. నాయనకు అక్క అయిన మా మేనత్త, భర్త పోయి, పిల్లలు లేక, దోమలగూడలో ఒక్క గది కిరాయికి తీసుకుని ఉండేది. ఊరికే కూర్చోబెట్టి పోషిస్తే ఆమె మనసు నొచ్చుకుంటుందని నాయన దుకాణంలో పని చూపించాడు. పోటీ పరీక్షలకు చదివే పిల్లల నోట్సు కట్టలకు ఎడమ అంచున రెండు చిల్లులు పొడిచి, ట్యాగు కట్టి ఇవ్వడం. పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని, డబ్బాలో పచ్చిపులుసు పట్టుకుని నడిచి వచ్చేది. ఇనుప పంచింగ్ మిషన్ నొక్కి నొక్కి ఆమె అరచెయ్యి కాయలు కాసింది. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో వచ్చి గదుల్లో ఉండే ఆ పిల్లలు, నేను పిలవడం విని వాళ్లూ ఆమెను అత్తమ్మా అనే పిలిచేవారు. అన్నం తిన్నవా బిడ్డా అని అడగకుండా ఆమె ఎవరికీ కట్ట ఇచ్చేది కాదు.

అంతలో నాయన ఒక పాత విదేశీ మిషన్ కొన్నాడు. కాపీ తీసి, చిల్లులు కూడా అదే పొడుస్తుందని తెలిసి అత్తమ్మ ఆ రోజు అన్నం సరిగా తినలేదు. తీరా చూస్తే అది పొడిచేవి మూడు చిల్లులు. అమెరికా ఫైళ్లకు తగ్గట్టు చేసినది, మన రెండు చిల్లుల ఫైల్లో ఆ కాగితం కూర్చోదు. నాయన ఆ భాగాన్ని బందు పెట్టించాడు. “మన దిక్కు రివాజు దానికి తెల్వదు పాపం,” అని అత్తమ్మ నవ్విన నవ్వు ఇప్పటికీ నా కళ్ల ముందుంది.

కొన్నేళ్లకు నారాయణగూడ మెకానిక్ ఒకతను రెండు చిల్లులు పొడిచే భాగం దొరికిందని తెచ్చి ఆ మిషన్‌కే బిగించాడు. నాయనను తప్పు పట్టలేను. చుట్టూ దుకాణాలు పెరిగాయి, పిల్లలకు ఆగే తీరిక లేదు. ఆయన నెమ్మదిగా, “అక్కా, ఇగ నువ్వు జర ఇంట్ల ఆరాం చెయ్యి, ఖర్చు నేను చూసుకుంట,” అన్నాడు.

“ఇంట్ల ఎవరున్నర్రా, ఆరాం చేసెటందుకు?” అందామె.

మరునాడూ వచ్చింది. కాగితాలు సర్దింది, బల్ల తుడిచింది, ఎవరూ అడగకుండానే మంచినీళ్లు ఇచ్చింది. పిల్లలు వేడి వేడి కట్టలు మిషన్ దగ్గరే అందుకుని పోతుంటే చూస్తూ కూర్చునేది. రాను రాను రావడం తగ్గింది. ఒక వానాకాలంలో పూర్తిగా మానేసింది. నేను ముషీరాబాద్ కాపురానికి వెళ్లాక ఒకసారి చూడబోతే, మంచం మీద నుంచే, “దుకాణంల పిల్లలు నన్ను అడుగుతున్నరా?” అంది. అడుగుతున్నారన్నాను. అప్పటికి ఆమెను ఎరిగిన పిల్లలెవరూ అక్కడ లేరు. ఆ చలికాలమే పోయింది.

ఇప్పుడు నాకు ఆమె వయసొచ్చింది. తెల్లారితే వెళ్లేందుకు ఒక చోటు, వెళ్లని రోజు ఏమైందోనని అడిగే నలుగురు, ఎంత భాగ్యమో ఈ వయసులో గాని తెలియలేదు. వెనకట ఒంటరి మనిషికి ఏదో ఒక పని పేరు చెప్పి అటువంటి చోటు చూపించేవారు. ఇప్పుడు పనులన్నీ చక్కగా, త్వరగా అయిపోతున్నాయి; అటువంటి ఒంటరి మనుషులు పగలంతా ఎక్కడ కూర్చుంటున్నారో మాత్రం ఎవరికీ తెలియదు.