నాలుగో అంతస్తుదాకా కోటు కథ

మా పెదనాన్నకి నడుస్తూ మాట్లాడటం చేతకాదు. నోరు తెరిస్తే కాళ్లు ఆగిపోతాయి. నోరు మూసుకునే అలవాటు ఎలాగూ లేదు కాబట్టి, ఆయనతో బయల్దేరినవాళ్లు ఎప్పటికి చేరతారో ఆ దేవుడికే తెలియాలి.

ఆయన దర్జీ. డెబ్బై ఎనిమిదేళ్లొచ్చినా మెడలో టేపు, జేబులో సుద్దముక్క తియ్యలేదు. కింద కొట్టు, నాలుగో అంతస్తులో కాపురం, మధ్యలో డెబ్బై రెండు మెట్లు. లిఫ్టు లేదు. కొట్లో గుండీలు కుట్టే పెద్దమ్మ, అదే అంతస్తులో వాళ్ల ఎదురు వాటాలో ఉండే నేను, ఆయన, ముగ్గురం రోజూ సాయంత్రం కలిసే ఎక్కేవాళ్లం. ఎక్కేవాళ్లం అనడం కంటే పాకేవాళ్లం అనాలి.

మలుపు మలుపులోనూ ఆయన ఠక్కున ఆగి, దారికడ్డంగా తిరిగి, ప్లీడరు కోటు కథ ఎత్తుకునేవాడు. ఆ ప్లీడరు కొలతలిచ్చేటప్పుడు పొట్ట బిగబట్టాడట. కోటు తొడుక్కున్నాక ఊపిరి వదిలాడట. కథ కోర్టు గుమ్మందాకా వచ్చేసరికి మేం మా గుమ్మంలో ఉండేవాళ్లం. మిగతాది రేపని తాళం తీసేవాడు. మూడేళ్లయినా ఆ ప్లీడరు కోర్టులోకి అడుగు పెట్టలేదు. సంచులు మోస్తూ వెనక ఇరుక్కుపోయిన ఇరుగుపొరుగు ఆయనకి వాగుడుకాయ అని పేరు పెట్టారు. వాళ్లతోపాటు నేనూ నవ్వాను. పెద్దమ్మయితే కమ్మీ పట్టుకుని నిలబడి, ఈ మనిషితో ఇల్లు చేరినట్టే అని విసుక్కునేది.

ఒకసారి ఆయన గొంతు పోయింది. నాలుగు రోజులు పెదవి విప్పొద్దని వీధి చివరి డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ సాయంత్రం ఆయన అలవాటుగా మొదటి మలుపులో ఆగి చేతులు తిప్పబోయాడు.

"మాటే లేనప్పుడు ఆగడమెందుకు? పదండి, వెనకాల జనం ఉన్నారు" అని పెద్దమ్మ ఆయన్ని దాటుకుని ముందుకెళ్లింది.

ఆగకుండా ఎక్కి, మూడో అంతస్తులో మెట్టు మీద కూలబడింది. మొహం పాలిపోయింది. మాట రావడం లేదు. ఆయనకీ రావడం లేదు. జేబులోంచి సుద్దముక్క తీసి, గోడ మీద 'బండి పిలువు' అని రాశాడు. ఆ రోజు నాకు నిజంగా భయమేసింది.

డాక్టరమ్మ గుండె మీద గొట్టం పెట్టగానే మొహం ముడిచింది. స్కానింగులో తేలింది. గుండెలోంచి రక్తం బయటికెళ్లే వాల్వు గట్టిపడి సగం కూడా తెరుచుకోవడం లేదు. ఇన్నాళ్లూ మెట్లెక్కితే ఆయాసం రాలేదా అని అడిగింది.

"ఎలా వస్తుందమ్మా, ఈయన ఎక్కనిస్తేగా" అంది పెద్దమ్మ.

డాక్టరమ్మ నవ్వాపుకుని వివరంగా చెప్పింది. డెబ్బై అయిదు దాటినవాళ్లలో పదిమందికి ఒకరికైనా ఓ మోస్తరుదో ముదిరినదో వాల్వు జబ్బు ఉంటుందట. ఎక్కువమందికి వయసుతోపాటు సున్నం పేరుకుని వస్తుంది. కొందరికి చిన్నప్పటి గొంతునొప్పి కీళ్లజ్వరంగా మారి వాల్వుని పాడుచేస్తుంది. కొందరికి పుట్టుకతోనే తేడా. వయసు మీదపడిందిలే అని సరిపెట్టుకుని చాలామంది చూపించుకోరట.

పెదనాన్న తల దించుకున్నాడు. వరండాలో నన్ను పక్కకి లాగి, డాక్టరు మాట కాదని గొంతు పెగల్చుకున్నాడు.

"ఆవిడ ఆయాసపడటం చూసి నేనూ వయసే అనుకున్నానురా. ఆగుదామని అడగడం ఆవిడకి నామోషీ. నాకు వాగుడుకాయని పేరు ఎలాగూ ఉందిగా."

"మరి ప్లీడరు కోటో?"

"ఆ రోజే కుట్లు విప్పి వదులు చేసిచ్చేశాను. కథ అంతే. నాలుగో అంతస్తుదాకా సాగదీయాలి కదా."

నేను నవ్విన నవ్వులన్నిటికీ సిగ్గేసింది.

పెద్దమ్మకి కొత్త వాల్వు వేశారు. మూడు నెలలకల్లా మెట్లు చకచకా ఎక్కేస్తోంది. ఆయన కూడా చూపించుకున్నాడు. వాల్వులన్నీ బాగున్నాయి, తగ్గాల్సింది పొట్టేనని డాక్టరమ్మ తేల్చేసింది. నిన్న సాయంత్రం ఆవిడ వెంట ఎక్కలేక రెండో అంతస్తులో రొప్పుతున్నాడు. ఆవిడ ఠక్కున ఆగి, దారికడ్డంగా తిరిగింది.

"ఇంతకీ ఆ ప్లీడరు కోర్టులోకి వెళ్లాడా లేదా?"

ఆయన కమ్మీ పట్టుకుని తీరిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"చెప్తా చెప్తా. ఇంకా రెండంతస్తులున్నాయిగా."