ఎడారికి నింపిన సీసా

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. నిమ్‌పురా రైల్వే కాలనీలో పుట్టి పెరిగాను. రాత్రిళ్లు రైలింజన్ల షెడ్డు వెనక ఎవరో నడుస్తున్నారని ఎవరైనా చెబితే నవ్వేసేదాన్ని. అందుకే ఇది చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

నేనూ, ఫ్యాక్టరీలో నాతో పనిచేసే జ్యోతీ రాజస్థాన్ వైపు ఒక ఎడారి లోయలో నడవాలనుకున్నాం. రెండు రోజుల దారి. మధ్యలో ఊరు లేదు, నీళ్లు దొరకవు. తాగే నీళ్లన్నీ మోసుకెళ్లాలని అక్కడి గైడు ఫోన్‌లో చెప్పాడు. అంత బరువు మోయగలమో లేదో చూద్దామని ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో సీసాలు నింపాం. అవి చాలక అలమరలోంచి ఒక స్టీలు సీసా కూడా తీశాను. నాన్న రోజూ రైల్వే వర్క్‌షాపుకి పట్టుకెళ్లిన సీసా అది.

బ్యాగులు తగిలించుకుని ఖరిదా బజారు దాకా నడిచి ఇంటికి తిరిగొచ్చాం. తీసి చూస్తే స్టీలు సీసా ఖాళీ.

“ఏటే, దార్లో తాగేసినావా?” అంది జ్యోతి.

నేను తాగలేదు. బ్యాగు తడవలేదు. మళ్లీ నింపి, మూత బిగించి, పాత పేపరు మీద పడుకోబెట్టాం. ఎదురుగా కూర్చుని మ్యాపు చూసుకుంటూ టీ తాగాం. పేపరు మీద చుక్క లేదు. సీసా ఎత్తితే బరువే లేదు.

అమ్మ దాన్ని అందుకుని చాలాసేపు పట్టుకుంది. “మీ నాన్నకి దాహమేసినాదేమోనే,” అంది.

కిడ్నీలు పాడై నాన్న చనిపోయాడు. చివర్లో నీళ్లు బాగా తగ్గించమన్నారు డాక్టర్లు. మంచం పక్కన ఉండేది నేనే. “ఒక్క గుక్కెడమ్మా, ఎవులికీ సెప్పన్లే,” అని బతిమాలేవాడు. దూదితో పెదాలు తడిపి, సీసాని కనబడకుండా మంచం కిందికి తోసేదాన్ని. ఆ చూపు తట్టుకోలేక కిటికీ వైపు తిరిగి కూర్చునేదాన్ని.

డాక్టరు చెప్పినట్టే చేశావని అందరూ అంటారు. నిజమే. అయినా నాన్న పోయిన రోజు నుంచి నాకు మంచినీళ్లు గొంతు దిగవు.

ప్రయాణం చలికాలానికి వాయిదా వేశాం. జ్యోతి కొత్త సీసా కొనుక్కోమంది. నేను మాత్రం ఆ స్టీలు సీసానే రోజూ నింపి పెడుతున్నాను. మళ్లీ ఒక్క చుక్క తగ్గలేదు. ఆ ఆదివారం నీళ్లు ఏమయ్యాయో నాకు ఇప్పటికీ తెలియదు.

పొద్దున్నే మూత తీసినప్పుడల్లా, ఈ రోజైనా ఖాళీగా ఉంటే బాగుండునని చూస్తాను.