ఆమ్‌స్టర్‌డామ్‌లో సోమవారం

మా ఆవిడ కిందటి నెల మస్కట్‌లోనే, ఆసుపత్రిలో చనిపోయింది. ఇక్కడ మా దార్సైట్ పేటలో ఉన్నవాళ్లకు తెలుసు. ఉద్యోగాలు మారి వెళ్లిపోయినవాళ్లలో చాలామందికి తెలియదు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మొదటినుంచి చెప్పడం నాకు చేతకావడం లేదు. అందుకే మన సంఘం పత్రికలో రాస్తున్నాను. కాలేయం జబ్బు. అంత్యక్రియలు ఊళ్లో జరిగాయి. ఆ వివరాలు ఇంతటితో చాలు.

మీలో చాలామంది ఆవిడను క్లినిక్ రిసెప్షన్‌లోనే చూసి ఉంటారు. చీటీ రాసేటప్పుడు పేరు కన్నా ముందు "ఏం తిన్నారు?" అని అడిగేది. బర్కా తోటల్లో పనిచేసేవాళ్లు జ్వరమని వచ్చి, పొద్దున్నుంచి ఏమీ తినలేదంటే, ముందు తన డబ్బాలోంచి రెండు ఇడ్లీలు పెట్టి తర్వాత లోపలికి పంపేది. "రోగులు నా దగ్గరికి చేరేసరికే సగం నయమై వస్తున్నారు" అని డాక్టర్‌గారు నవ్వుతూనే కోప్పడేవారు.

ఇంట్లోనూ అంతే. నేను మాటలు తక్కువ మనిషిని. కూర ఎలా ఉందంటే బాగుంది అనేవాణ్ని. "బాగుంది అనేది రుచి కాదండీ. ఉప్పు ముందు తగిలిందా, పులుపు ముందు తగిలిందా, అది చెప్పండి" అనేది. నాకు తెలిసేది కాదు.

ఆవిడ గురించి ఒక్క సంగతే రాస్తాను. అన్నీ రాయలేను.

ఒక ఏడాది వేసవికి ముందు, బర్కా సైట్ నుంచి వస్తుండగా నా కారు ఒంటెను గుద్దింది. రెండు రోజులు నాకు స్పృహ లేదు. లేచాక తెలిసింది, ఆవిడ పదహారు సోమవారాలు మొక్కుకుందని. పగలంతా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టదు. చీకటి పడి, మొదటి చుక్కను కళ్లతో చూశాకే అన్నం. అది వాళ్లమ్మ పద్ధతి. ఆ రాత్రి చుక్క కనబడకపోతే ఆ సోమవారం లెక్కకు రాదు. మధ్యలో ఒక్కటి చెడినా మొక్కు చెడినట్టే. దార్సైట్‌లో ఇదేమంత కష్టం కాదు. సూర్యుడు కొండల వెనక్కి దిగడం, బాల్కనీలోంచి చుక్క కనబడటం, నేను డ్యూటీ నుంచి రావడం దాదాపు ఒకేసారి జరిగేవి. మబ్బు పట్టడమే అరుదు.

సగం సోమవారాలు గడిచాక యూరప్ ప్రయాణం వచ్చింది. టికెట్లు ప్రమాదానికి ముందే కొన్నవి. మొత్తం ఐదుగురం. మేమిద్దరం, మా ఆఫీసులో అకౌంట్స్ చూసే కడప మిత్రుడు, ఆయన భార్య, ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌గా చేసే కరీంనగర్ మిత్రుడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆదివారం దిగి, అలసిపోయి, హోటల్ గదుల్లో మందపాటి కర్టెన్లు లాగేసుకుని సాయంత్రమే నిద్రపోయాం. జూన్ నెలలో అక్కడ పొద్దు ఎప్పుడు కుంకుతుందో చూసుకోవాలని మాలో ఎవరికీ తట్టలేదు.

సోమవారం పొద్దున కాలవల్లో పడవ ఎక్కాం. సన్నగా, ఎత్తుగా ఉన్న ఇళ్లు వీధిలోకి వాలి ఉన్నాయి. మెట్లు ఇరుకు కాబట్టి సామాన్లను పైకప్పు కొక్కేనికి తాడు కట్టి కిటికీల్లోంచి లోపలికి లాగుతారట. గోడకు తగలకుండా ఉండాలని ఇల్లే ముందుకు వంచి కట్టారు. నేను ఇంజనీర్ని. అవే చూస్తూ ఉండిపోయాను. ఆవిడ చూసేది అవి కాదు. ఒడ్డున ఎవరు ఏం తింటున్నారన్నది చూస్తోంది.

తనకు ఉపవాసమైనా మమ్మల్ని ఏ తిండి బండినీ దాటనివ్వలేదు. పచ్చి చేప అమ్మే చోట కరీంనగర్ మిత్రుణ్ని నిలబెట్టి తినిపించింది.

"ఎలా ఉందన్నా?"

"పచ్చిదే వదినా. సముద్రంల నోరు తెరిచినట్టున్నది. ఉల్లిగడ్డ లేకుంటే సచ్చిపోతుంటి."

కాగితం పొట్లంలో పోసిచ్చే బంగాళాదుంప వేపుడు, దానిమీద తెల్లటి సాస్. కడప మిత్రుడి భార్య కళ్లు మూసుకుని చెప్పింది. "వెన్నలో నిమ్మకాయ పిండి, ఇంత చక్కెర యేసినట్టుంది వదినా. చివర్న ఆవాల ఘాటు."

ఆవిడ తల ఊపింది, తనే తిన్నట్టు. తర్వాత నా వైపు తిరిగింది.

"మీకో?"

"బాగుంది."

"మిమ్మల్ని అడగడం నాదే బుద్ధి తక్కువ" అంది.

రాత్రి భోజనానికి ఇండోనేషియా హోటల్లో ముందే చెప్పి ఉంచాం. అక్కడ అన్నం దొరుకుతుంది, ఓనరు ముస్లిం కాబట్టి కడప దంపతులకు హలాల్ చింత లేదు, శాకాహారమూ చేస్తారు. ఎనిమిదింటికి బల్ల ఇమ్మన్నాం. మస్కట్ లెక్కలో ఎనిమిదంటే చీకటి పడి చాలాసేపు. మేం వెళ్లి కూర్చునేసరికి కిటికీలోంచి ఎండ నేరుగా పళ్లేల మీద పడుతోంది. అన్నం, దాని చుట్టూ ఇరవై దాకా చిన్న చిన్న గిన్నెలు వచ్చాయి. ఆవిడ ఒకసారి బయటికి, ఒకసారి బల్ల వైపు చూసి, లేచి మాకు వడ్డించడం మొదలుపెట్టింది. తన పళ్లెం బోర్లించి పెట్టింది.

కరీంనగర్ మిత్రుడు గడియారం చూపించాడు. దాన్ని ఇంకా మార్చుకోలేదు. "సూడు వదినా, మస్కట్ల పది కొట్టింది. ఆడ పొద్దుగూకి ఎంతసేపాయె. నీ కడుపు మస్కట్‌దే గదా. తినెయ్."

"కడుపు మస్కట్‌దే అన్నా. కళ్లు ఇక్కడున్నాయి."

కడప మిత్రుడు నెమ్మదిగా అన్నాడు. "ప్రయాణంలో ఉండేవాళ్లకు మాలో మాఫీ ఉంది వదినా. ఇంటికి పోయినాక ఒకరోజు ఎక్కువ పట్టుకుంటే సరిపోతాది."

"మీ పెద్దలు ఊళ్లు తిరిగినవాళ్లు భాయ్, ముందే ఆలోచించి పెట్టారు. మా అమ్మ బందరు దాటలేదు."

"మీరిద్దరూ గమ్మునుండండి" అంది ఆయన భార్య. "రంజాన్‌లో పొద్దు మునిగే ముందర మీ ఎదురుగా బిర్యానీ పెడితే అప్పుడు తెలుస్తాది."

నేను కూడా ఒక మాట అన్నాను. "తినెయ్. నాకేం కాదు."

"ఆ మాట చెప్పాల్సింది మీరు కాదు" అంది. కోపంగా కాదు. "అప్పుడు మీకు స్పృహ లేదు. నేనేమని దణ్ణం పెట్టుకున్నానో మీకు తెలీదు. మీరు లేచి కూచున్నారు. ఇప్పుడు నా వంతు."

ఇది రాస్తూ ఒకటి గుర్తొచ్చింది. ఈ ఏడాది ఆవిడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేనూ సోమవారాలు మొదలుపెట్టాను. చెప్పలేదు. రెండో వారం మంచం పక్కన కూర్చోగానే "ఏం తిన్నారు?" అని అడిగింది. నేను మంచినీళ్ల సీసా తీసి మూత తిప్పాను. "మీకు షుగరుంది. కింద క్యాంటీన్‌కి వెళ్లి తినేసి రండి" అంది. వెళ్లి తిన్నాను. వచ్చాక ఏం తిన్నానో, ఎలా ఉందో అడిగింది. చపాతీ ఎండిపోయిందని, పప్పులో ఉప్పు చాల్లేదని, ఎక్కడో అడుగంటిన వాసన వచ్చిందని చెప్పాను. శ్రద్ధగా విన్నది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆ రాత్రి హోటల్లో వెయిటర్‌కు అనుమానం వచ్చింది. వంట నచ్చలేదా అని అడిగాడు. కడప మిత్రుడు ఇంగ్లిష్‌లో చెప్పాడు, ఈమె చుక్క కోసం ఆగిందని. ఆ పెద్దమనిషి కిటికీ దగ్గరికి వెళ్లి ఆకాశం చూసి వచ్చాడు. "జూన్‌లో చాలా ఆలస్యమవుతుంది. పైగా మబ్బులు వస్తున్నాయి" అన్నాడు. వంటగది అప్పటికి మూసేస్తారట. శాకాహారం గిన్నెల్లోంచి కొంచెం కొంచెం తీసి అన్నంతో ఒక డబ్బాలో సర్ది, మూత గట్టిగా నొక్కి ఇచ్చాడు.

బయటికి వచ్చి నడిచాం. ఏ వీధిలో నడిచామో చెప్పలేను. పగలు పడవలోంచి చూసిన ఇళ్లే, కిటికీల్లో దీపాలు వెలిగాక వేరే ఊరిలా ఉన్నాయి. ఆవిడ అడుగు నెమ్మదించింది. మెట్లున్న చోట నా చెయ్యి పట్టుకుంది. పది దాటాక సూర్యుడు దిగాడు కానీ వెలుగు పోలేదు. ఉన్న కాస్త నీలం మీదికి మబ్బు పాకుతోంది. చుక్క పొడిచేలోగా మొత్తం కమ్మేస్తే ఆ రాత్రికి అన్నం లేదు, మొక్కు పోయినట్టే. ఆవిడకు అదొక్కటే భయం.

ఒక వంతెన మీద ఆగాం. కరీంనగర్ మిత్రుడు సైట్లో పని పంచినట్టు పంచాడు. తూర్పు ఒకరికి, పడమర ఒకరికి. నలుగురం నాలుగు దిక్కులు తిరిగి తలలెత్తి నిలబడ్డాం. ఆవిడ మధ్యలో డబ్బా పట్టుకుని నుంచుంది.

"దొరికింది, అగో" అన్నాడాయన.

"కదుల్తోంది అన్నా. అది విమానం."

"విమానమైతేంది, వెలుగుతున్నది గదా. లెక్కల ఏసుకోరాదు?"

ఆవిడ నవ్వింది. ఆ నవ్వులోనే కళ్లు తుడుచుకుంది.

సైకిల్ మీద పోతున్న ఒకామె మమ్మల్ని చూసి ఆగింది. ఏం చూస్తున్నారని అడిగింది. కడప మిత్రుడు చెప్పాడు. ఆమె కాలు నేలకు ఆనించి తనూ పైకి చూసింది. వెనకాల వచ్చినవాళ్లూ ఆగారు. కుక్కను తిప్పుతున్న ఒక ముసలాయన ఏమీ అడక్కుండానే తలెత్తాడు. నాకు కొంచెం సిగ్గేసింది. నా ప్రాణం కోసం ముక్కూ మొహం తెలియనివాళ్లు అలా నిలబడటం.

చూసింది ఆవిడే. ఒక ఇంటి పొగగొట్టం పక్కన మబ్బు చిన్నగా విడింది. "అదిగోనండీ" అంది, నాకొక్కడికే వినపడేలా. నేనూ చూశాను. చాలా చిన్నది. చేతిలోని డబ్బా నాకిచ్చి దణ్ణం పెట్టుకుంది.

వంతెన చివర ఒక ఇంటి మెట్టు మీద కూర్చుని, డబ్బా మూత తీసి, చేత్తో కలుపుకుని తినడం మొదలుపెట్టింది. అన్నం చల్లారిపోయింది. తలెత్తకుండా తింటోంది. నేను పక్కన నిలబడ్డాను.

వంతెన మీద వాళ్లు అలాగే ఉన్నారు. సైకిలామె, ముసలాయన, ఇంకో ఇద్దరు ముగ్గురు. చుక్క దొరికిందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అందరూ తలలెత్తి ఇంకా వెతుకుతూనే ఉన్నారు.