బ్యాటరీకి కప్పిన కంబళి

పుంగనూరు దారిలో మేము మట్టిపని చేసేటప్పుడు, మా జేసీబీ డ్రైవరు పొద్దుగూకగానే తన కంబళి తీసి బండి పాత బ్యాటరీకి కప్పేవాడు. తను మాత్రం మంట పక్కన ముడుచుకుని కూర్చునేవాడు.

"పెండ్లానికైనా ఎప్పుడన్నా ఇట్ల కప్పినావా అప్పా?" అని మా ఆడవాళ్లం ఎగతాళి చేసేవాళ్లం.

"పెండ్లాం అలిగితే నేనొక్కణ్ణే పస్తు. సలికి ఇది అలిగితే అందరం పస్తేనమ్మా" అనేవాడు.

ఒక చలిరాత్రి నా బిడ్డ డేరాలో జ్వరంతో వణుకుతుంటే, ఆయన వచ్చి ఆ కంబళి బిడ్డకు కప్పి వెళ్లిపోయాడు.

తెల్లారి తాళం తిప్పితే స్టార్టర్ టిక్ టిక్‌మని ఊరుకుంది.

మేస్త్రీ మండిపడ్డాడు. "కంబళి యాల కప్పలేదు? ఓనరు వచ్చేలోపల బండి కదల్లేదా, నువ్వు ఇంటికి పో!"

"మర్సిపోయినాన్నా" అన్నాడాయన, మా డేరా వైపు చూడకుండా.

నేను సంగటికి పెట్టిన ఎసరు ఎత్తుకుని పరుగెత్తాను. ఆయన బ్యాటరీ కొనల మీది తెల్లటి బూజు ఆ వేడినీళ్లతో కడిగి, వైర్లు బిగించి, మిగిలిన వేడినీళ్లలో తడిపిన గోనెసంచి దాని చుట్టూ చుట్టాడు. కాసేపు ఆగి తాళం తిప్పాడు. బండి దగ్గి, నల్లగా పొగ వదిలి, లేచింది.

కంబళి తిరిగి ఇవ్వబోయాను.

"బిడ్డకే ఉండనీమ్మా. దీనికి నీళ్లతో సరిపోతాది."

మరుసటి రోజు నుంచి మేము ముందు బండికి నీళ్లు కాచి, తర్వాతే సంగటికి ఎసరు పెట్టేవాళ్లం. ఆయన పెండ్లాం ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.