నల్లరంగు కింద పగులు

మా బావగారు మిలటరీ వేలంలో పాత జీపు కొనుక్కొచ్చిన రోజు మా అక్క నెత్తీ నోరూ బాదుకుంది. ఎనభైల చివరి మాట. ఫిల్మ్ నగర్‌లో మా అద్దింటి ముందు బండరాళ్ల మధ్య కాస్త చదునైన జాగా ఉండేది. ఎనిమిది నెలలు ఆ జీపు అక్కడే విప్పదీసి పడుంది. సీట్లు వరండాలో, రేడియేటరు తులసికోట పక్కన. ఆదివారమొస్తే బావగారూ నేనూ దానికే అంకితం.

బావగారు ప్రొడక్షన్ మేనేజరు. నన్ను సెట్ల పనిలో పెట్టించింది ఆయనే, ముప్పై ఏళ్లొచ్చినా నాకింత తిండి పెడుతున్నదీ ఆయనే. సెట్ల పనివాళ్లకి ఒక రోగం ఉంటుంది. ముందు నుంచి చూస్తే పాలరాతి మేడ, వెనక్కెళ్తే సరుగుడు కర్రలూ గోనెపట్టాలూ. కెమెరాకి కనపడనిది మా దృష్టిలో లేనట్టే.

ఇంజను పని చూసే మెకానిక్ యూసుఫ్‌గూడ నుంచి వచ్చేవాడు, యాభై దాటిన మనిషి. ఓ మంగళవారం పొద్దున జీపు కింద పడుకుని తుప్పు గీకుతున్నవాడు నన్నొక్కణ్ణే పిలిచాడు. స్టీరింగ్ బాక్సు బిగించే చోట ఛాసీకి జానెడు పగులు.

"గిట్ల నడిపితే స్టీరింగ్ ఊడి చేతిలకొస్తది సార్. పట్టీ ఏసి వెల్డింగ్ కొట్టాలె. మా ఊర్ల సావైంది, పోయి ఆదివారం వస్తా. అందాక బండి కదిలియ్యకుండ్రి."

శుక్రవారం తొమ్మిదింబావుకి జీపు మొదటిసారి రోడ్డెక్కించడానికి ముహూర్తం. అంతకుముందు ఓ సినిమాకి ముహూర్తం షాటు పది నిమిషాలు ఆలస్యమైందట, అందుకే సినిమా సగంలో ఆగిపోయిందని బావగారి నమ్మకం. ఇంకో మెకానిక్‌ని పిలవాలంటే ఆయనకి చెప్పాలి. చెబితే ముహూర్తం పోతుంది, ఆ పాపం నా నెత్తిన పడుతుంది. ఇంతే నా భయం, సిగ్గు విడిచి చెబుతున్నాను.

గురువారం పగుల్లో పుట్టీ నింపి, ఉప్పుకాగితంతో రుద్ది, నల్లరంగు వేశాను. చేయి తిరిగిన పనేమో, అతుకు నాకే కనపడలేదు. చూసుకుని మురిసిపోయాను కూడా. రాత్రి మాత్రం అన్నం సయించలేదు.

శుక్రవారం కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. బావగారొక్కరే ఇంటి ముందు నాలుగు గజాలు నడిపి ఆపేస్తారనుకున్నాను. ఆయనేమో "చెక్‌పోస్టు దాకా వెళ్లొద్దాం, ఎక్కండి" అన్నారు. అక్క ఐదేళ్ల కూతుర్ని ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది.

"ఒరేయ్, అన్నీ సరిగ్గా ఉన్నాయా? పిల్లతో వెళ్తున్నాం."

బావగారు వాచీ చూసుకుంటున్నారు.

"ఉన్నాయక్కా" అని వెనకాల ఎక్కాను. ఏమైనా అయితే వాళ్లతోపాటే నేనూ పోతాను, లెక్క సరిపోతుంది అనుకున్నాను. అప్పట్లో దాన్ని ధైర్యమే అనుకున్నాను.

జీపు బాగానే కదిలింది. వీధిలోవాళ్లు చప్పట్లు కొట్టారు. మలుపు దాటాక దిగుడు మొదలైంది. ఎడమపక్కన గోడ లేదు, బండ కొట్టిన పెద్ద గొయ్యి. కింద ఎక్కడో టక్‌మని శబ్దమైంది. "రాయి" అన్నారు బావగారు. మళ్లీ వినపడింది. ఈసారి స్టీరింగ్ ఆయన చేతుల్లో వదులుగా తిరిగింది. పిల్ల గాలికి నవ్వుతోంది.

"ఆపండి బావగారూ! ఛాసీ పగిలుంది, ఆపండి!" అని అరిచాను.

బ్రేకు పట్టింది. గొయ్యికి బారెడు దూరంలో ఆగాం. అందరం దిగాం. బావగారు వంగి చూశారు. పుట్టీ పెచ్చులు పెచ్చులుగా రోడ్డు మీద రాలి ఉంది. ఒక పెచ్చు తీసి వేళ్ల మధ్య నలిపారు. అక్కే అడిగింది.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఈలోగా పిల్ల నావైపు చేతులు చాచి "మావయ్యా, ఎత్తుకో" అంది. ఎక్కడికెళ్లినా నా భుజమ్మీదే వెళ్లడం దానికి అలవాటు. నేను చేతులు చాచి ముందుకెళ్లాను. అక్క ఒక అడుగు వెనక్కి వేసి, పిల్లని అవతలి చంకకి మార్చుకుంది.