ఐసీయూలో ఎవరి ఫోన్?

హనుమకొండలోని ఒక ప్రైవేటు దవాఖానలో మిషన్లు చూసుకోవడం నా ఉద్యోగం. నిరుడు కొత్త నిబంధనల ప్రకారం ఐసీయూ మానిటర్లన్నిటికీ అలారం మార్చాం. పాత కూత పోయి, పాట లాంటి మోత వచ్చింది. దాన్ని సిబ్బందికి మర్నాడు వినిపిద్దామనుకున్నాం.

అది ఆ సాయంత్రమే మోగింది. నర్సు సుజాతక్క తల ఎత్తకుండానే, "ఎవరి ఫోనో మోగుతాంది, జర బంద్ పెట్టుండ్రి!" అని కసిరింది. అందరూ జేబులు తడుముకున్నారు. ఆ మోత పెట్టిన మహానుభావుణ్ణి నేనే, అయినా నేనూ తడుముకున్నాను.

అప్పుడు మానిటర్ మీద ఎర్ర అంకె కనిపించింది. నర్సంపేట నుంచి వచ్చిన మల్లయ్య తాతకు ఆక్సిజన్ పడిపోతోంది.

"అక్కా, ఫోన్ కాదు, తాత!"

సుజాతక్క ఉరికి, ఊడిన ఆక్సిజన్ గొట్టం బిగించింది. అంకె మెల్లగా పైకెక్కింది. నాకు భయపడే వ్యవధి కూడా దొరకలేదు. చేయి జేబులోనే ఉండిపోయింది.

కాసేపటికి తాత కళ్లు తెరిచాడు. "ఎవలు ఫోన్ చేసిండ్రు బిడ్డా?"

"పైనుంచి తాతా. అక్క కట్ చేసింది."

తాత నవ్వాడు. జోకు నాదే అయినా నాకు నవ్వు రాలేదు.

ఇప్పటికీ బస్సులో ఎవరి ఫోన్ మోగినా, ముందు ఆ మనిషి ముఖం చూస్తాను.